హీరోను కట్టేసిన చెట్లు

ఇళ్లు కట్టేవాళ్లు లోకంలో బోలెడంతమంది ఉన్నారు. నాకు దొరికిన మహానుభావుడు మాత్రం అడవులు కడతారు.

మా ఆయన పేరు కాశీవిశ్వనాథం. సినిమాల్లో ఆర్ట్ డైరెక్టరు, పుట్టింది అమలాపురం పక్కన. మద్రాసులో స్టూడియో ఫ్లోర్ల మీద ముని ఆశ్రమాలు, దొంగలు దాక్కునే కోనలు ఎన్ని కట్టారో, ఎన్ని కూల్చారో ఆయనకే లెక్క తెలియదు. ఎనభై నాలుగులో సినిమావాళ్లంతా హైదరాబాదు దారి పడుతుంటే మేమూ సామాను సర్దుకుని వచ్చి వెంగళరావు నగర్లో ఒక పోర్షన్లో దిగాం. వచ్చాక ఆయన చేసిన మంచిపని ఒకటుంది. ఫిల్మ్‌నగర్ వెనక గుట్టమీద సినిమావాళ్లకోసం కొత్తగా వేసిన చిత్రలేఖ కాలనీలో ఒక ప్లాటు తీసుకున్నారు.

ప్లాటంటే ఏదో ఊహించుకోకండి. సగం బండ, సగం మొరం. ఎండాకాలం చెప్పుల్లోంచి కాలు కాలేది. కాకి వాలడానికి ఒక్క కొమ్మ లేదు. కానీ నాకు ఆ బండమీద తూర్పు గుమ్మంతో ఇల్లు కనిపించేది. పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ల గడపలకే పసుపు రాస్తూ వచ్చాను. ఇల్లు ఖాళీ చేసే రోజు కూడా రాసి వచ్చేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే ఏడుపొచ్చేది. నాదని చెప్పుకునే గడప ఒకటి కావాలి, అంతకుమించి నేను ఆయన్ని ఏదీ అడగలేదు.

ఎనభై ఆరు మే నెలలో ఒక నిర్మాత అడవి కావాలన్నాడు. నిజం అడవికి యూనిట్‌ను తీసుకెళ్లే ఓపిక లేదట. మా ఆయన వెంటనే మా ప్లాటులో కట్టేస్తానని మాటిచ్చారు. నన్ను అడగలేదు, అడిగితే నేనేమంటానో ఆయనకి తెలుసు.

అడవి సెట్టింగుకి ఒక పద్ధతి ఉంది. లారీల్లో కొమ్మలు కొట్టుకొస్తారు. గడ్డపారతో జానెడు గుంట పొడిచి కొమ్మ గుచ్చి, మొదట్లో తడి గోనెపట్టా చుట్టి, పొద్దున్నే నీళ్లు చల్లుతారు. ఆకు వాడితే పీకేసి కొత్తది గుచ్చుతారు. కెమెరాకి ఆకు పచ్చగా ఉంటే చాలు, వేరుతో దానికి పనిలేదు. అయితే ఆ కథలో విలన్లు హీరోనీ అతని మనుషుల్నీ చెట్లకి కట్టేసి కొడతారు. హీరో గింజుకుంటే చెట్టు ఊడి చేతికి రాకూడదు కదా. అందుకని మా ఆయన శంకర్‌పల్లి వైపు ఒక రైతు కంచెలోంచి తొడంత లావు గుంపెన చెట్టు కొయ్యలు తెప్పించి, బండలో పగుళ్లు వెతికి, నడుము లోతున దింపించారు. దింపినవాడు వీరభద్రం, బోరబండలో ఉండే సెట్టింగు మేస్త్రీ. కెమెరామన్ చలపతిరావు గారు పక్కనే కుర్చీ వేసుకుని, ఈ కొయ్య కాస్త ఎడమకి, ఆ కొయ్య కాస్త వెనక్కి అంటూ దగ్గరుండి పాతించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మూడో రోజు సాయంత్రం వాన మొదలైంది. ఆగేసరికి హీరో గారి డేట్లు అయిపోయాయి. ఆ తర్వాత నిర్మాత ఉత్సాహం కూడా అయిపోయింది. సినిమా ఆగింది, సెట్టింగు కూల్చడానికి కూడా ఎవరూ రాలేదు.

శ్రావణమాసంలో మా ఆడపడుచు ఊరినుంచి వస్తే ప్లాటు చూపిస్తానని తీసుకెళ్లాను. కొమ్మలన్నీ ఎండి, ఆకులు రాలి, చీపురు పుల్లల్లా ఉన్నాయి. హీరోను కట్టేసిన కొయ్యల తలమీద మాత్రం లేత ఎరుపులో చిగుళ్లు. ఎవరో ఆకులు అతికించారనుకున్నాను. సినిమావాళ్ల ఇంట్లో మనిషికి ముందు వచ్చే అనుమానం అదే మరి. దగ్గరికెళ్లి ఒకటి గిల్లితే చేతికి జిగురంటింది.

ఆ సాయంత్రం ఆయనకి చెబితే నమ్మలేదు. మర్నాడు ఇద్దరం వెళ్లాం. ఆయన కొయ్య కొయ్య దగ్గరికీ తిరిగి, ఇది హీరోది, ఇది హీరో తమ్ముడిది, ఇది గుంపులో వాళ్లది అని గుర్తుచేసుకుంటున్నారు. లోతుగా దింపినవన్నీ బతికాయి. పైపైన గుచ్చినవన్నీ పోయాయి. లోతువల్ల బతికాయా, గుంపెన కాబట్టి బతికాయా, పాతగానే వాన పడింది కాబట్టి బతికాయా? నేను మూడూ అన్నాను, ఆయన పగుళ్లే అన్నారు. పోట్లాడుకుంటూ బస్సెక్కాం. నిజం చెప్పాలంటే పెళ్లయ్యాక మేమిద్దరం ఇంటి ఖర్చు గురించి కాకుండా వేరే దానిగురించి అంతసేపు పోట్లాడుకోవడం అదే మొదలు.

ఇక ఆయనకి పిచ్చి పట్టింది. కొయ్యలే బతికితే చెట్లు ఎందుకు బతకవని అమలాపురంనుంచి కొబ్బరి మొక్కలు తెచ్చారు. కోనసీమ మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది. బండమీద కొబ్బరి మొక్క ఉగాదిదాకా కూడా ఉండలేదు. నర్సరీనుంచి తెచ్చిన అశోకలూ దాని వెనకే వెళ్లాయి. అదే సమయంలో గుంపెనలు కూడా ఆకులన్నీ దులిపేసి మోడులై నిలబడ్డాయి. అవీ పోయాయని నేను నిశ్చయించేసుకున్నాను.

ఆ రోజుల్లోనే కొమురమ్మ పరిచయమైంది. గుట్టమీద మేకలు తోలుకునేది. మోడులు చూసి, "ఎండినయి గదమ్మా, గీ కట్టెలు నాకియ్యి, పొయ్యిలకు అక్కరకొస్తయి" అంది. సరే తీసుకోమనబోయి, ఎందుకో పమిట పిన్నీసు తీసి బెరడు మీద గీశాను. లోపల పచ్చగా ఉంది. పక్క దాన్ని గీశాను, అదీ పచ్చగానే ఉంది. కొమురమ్మ కూడా వంగి చూసి బుగ్గన చేయి పెట్టుకుంది. జ్యేష్ఠంలో తొలివాన పడగానే ఆ మోడులు మళ్లీ ఎర్రగా చిగిర్చాయి. ఎండలు వస్తే ఆకులు విడిచి ఊపిరి బిగబట్టుకోవడం వాటి పద్ధతన్నమాట. కొబ్బరికి ఆ విద్య తెలియదు.

మరి ఈ గుట్టమీద ఇంతకుముందు ఏముండేదని మా ఆయన కొమురమ్మని అడిగారు. తన చిన్నప్పుడు ఇదంతా అడవేననీ, తునికిపండ్లు గంపలకెత్తి ఎర్రగడ్డ అంగడిలో అమ్మేవాళ్లమనీ చెప్పింది. మోదుగలుండేవట, రేల చెట్లుండేవట. ఏమైపోయాయంటే, ఏమాత్రం దాచకుండా, "మేమే కొట్టినం సారూ. పట్నమోళ్లకు కట్టెలు గావాలె, మాకు గింజలు గావాలె" అంది. ఆ మాట విని మా ఆయన గుంపెన కొయ్యల వైపు తిరిగారు. ఆయన కట్టిన అడవులన్నిటికీ కొమ్మలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.

ఆ తర్వాత ఆయన లొకేషన్లు చూడటానికి వికారాబాదు, నర్సాపూరు అడవులకి వెళ్లినప్పుడల్లా చొక్కా జేబుల్లో విత్తనాలు తెచ్చేవారు. మోదుగ కాయలు వేస్తే వారం తిరగకుండా లేచాయి. రేల గింజలు మాత్రం ఎన్ని పాతినా రాలేదు. ఒకసారి ఆయన చొక్కా జేబు తడమకుండా నేను కాగే నీళ్లలో చాకలిసోడా వేసి నానబెట్టేశాను. మర్నాడు ఉతుకుతుంటే జేబులోంచి ఉబ్బిన గింజలు వచ్చాయి. విసుక్కుని పెరట్లో తూము పక్కన పారబోశాను. పది రోజులకి అక్కడ మొలకలు లేచాయి.

ఎందుకని? వేడినీళ్లా, సోడానా, రాత్రంతా నానడమా? ఇప్పుడు పిచ్చి నాకు పట్టింది. ఒక గిన్నెలో వేడినీళ్లు, ఒక గిన్నెలో సోడా కలిపిన చన్నీళ్లు, ఒక గిన్నెలో ఉత్త చన్నీళ్లు పెట్టి గింజలు వేశాను. వేడినీళ్లవే లేచాయి. గింజ పైతొక్క రాయిలా ఉంటుంది, దాన్ని వేడి మెత్తబరిస్తే తప్ప లోపలికి నీరు పోదు. ఈ సంగతి నేను కనిపెట్టానని కాలనీ అంతా చెప్పుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు, అది వేరే విషయం.

రెండేళ్లు తిరిగేసరికి గుంపెనల నీడలో మోదుగలు నడుమెత్తున లేచాయి, రేలలు మోకాలెత్తు దాటాయి. మేకలు రాకుండా రేగుకంప చుట్టాం. మేము వేయని మొక్కలు కూడా రావడం మొదలుపెట్టాయి. వేప వచ్చింది, తునికి వచ్చింది. కొమ్మ ఉంటే పిట్ట వాలుతుంది, పిట్ట వాలితే విత్తనం రాలుతుంది. ముందు కొమ్మ కావాలి, అంతే. పొద్దున్నే బస్సు దిగి గుట్టెక్కుతుంటే, ఇవాళ కొత్తగా ఏమొచ్చిందోనని నా కాళ్లు వాటంతటవే తొందరపడేవి.

ఇల్లు సంగతి మర్చిపోయానా అంటే, లేదు. మర్చిపోతే బాగుండేది. తొంభై జనవరిలో కాలనీ కమిటీనుంచి నోటీసు వచ్చింది. ఉగాదిలోగా ప్లాటులో ఇంటి కట్టడం మొదలుపెట్టకపోతే ప్లాటు రద్దుచేసి వెయిటింగులో ఉన్న మరొకరికి ఇస్తారట. ఆ రాత్రి ఆయన పాత ప్లాను తీసి నేలమీద పరిచారు. హాలు గుంపెనలమీద పడుతోంది, వంటిల్లు మోదుగలమీద పడుతోంది. ఎటు తిప్పినా అంతే.

కమిటీ ఇన్‌స్పెక్షన్‌కి వస్తుందనగానే వేరే ఏ మనిషైనా పునాది తవ్విస్తాడు. సెట్టింగుకి పునాది ఉండదు కాబట్టి మా ఆయనకి ఆ ఆలోచనే రాలేదు. వీరభద్రాన్ని పిలిచి, ప్లాటు ముందు కొసన ఒక్క మొలకా లేవని ఉత్త బండమీద ఇంటి ముఖం నిలబెట్టించారు. ముందునుంచి చూస్తే లింటెల్ దాకా లేచిన ఇటుక గోడ, కిటికీ ఖాళీలు, తూర్పున గుమ్మం. వెనకనుంచి చూస్తే ప్లైవుడ్డూ గోనెపట్టా, వాటిని ఆపుతూ ఏటవాలు కర్రలూ.

నేను గుమ్మం ముందు నిలబడి చూశాను. గుమ్మంలోంచి ఆకాశం కనిపించింది. ఇన్నేళ్లు ఇల్లు అడిగితే నాకు దక్కింది ఇదా అని కోపం ముంచుకొచ్చింది. కోపం కాదు, దుఃఖం. ఆయనకి అర్థమైంది. దగ్గరికొచ్చి, గడప మాత్రం మంచి టేకు, కడిగి పసుపు రాయి వల్లీ అన్నారు మెల్లగా. ఉత్తుత్తి ఇంటికి పసుపేమిటని విదిలించాను. కానీ తెల్లారి వెళ్లి రాశాను. కుంకుమ బొట్లు పెట్టి, ముందు ముగ్గు కూడా వేశాను. చూసేవాళ్లు నమ్మాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మార్చిలో కమిటీ వచ్చింది. కమిటీ అధ్యక్షుడు మరెవరో కాదు, కెమెరామన్ చలపతిరావు గారే. రిటైరయ్యాక కాలనీ బాధ్యత నెత్తిన వేసుకున్నారు. పక్కన సెక్రటరీ లీలాకుమారి గారు, ఒకప్పుడు తెరమీద అత్తపాత్రలు వేసినావిడ. ఇద్దరూ రోడ్డుమీదే కారు దిగి నిలబడ్డారు. చలపతిరావు గారు అలవాటుకొద్దీ రెండు చేతుల వేళ్లూ చట్రంలా పట్టి ఇంటిని చూశారు. ముగ్గు బాగుందని లీలాకుమారి గారు మెచ్చుకున్నారు. కట్టడం మొదలైందని రాసుకోమన్నారు ఆయన. నా గుండె కుదుటపడింది.

అప్పుడు ఆయన చూపు ఇంటి వెనక్కి వెళ్లింది. గుంపెనలూ మోదుగలూ ఆకు రాల్చి, మోడులై నిలబడి ఉన్నాయి.

"విశ్వనాథం గారూ, ఆ సెట్టింగు ఇంకా తీయించలేదేంటండీ?" అన్నారు. షూటింగు అయిపోయాక ఇళ్ల ప్లాటుల్లో ఆ సామాను ఉంచకూడదన్నది మా కాలనీ నిబంధన. అది లేకపోతే ప్రతి ప్లాటులోనూ ఒక కోటగోడో రథమో పడి ఉండేది. ఎండిన కొయ్యలు, ఎవడో బీడీ పడేస్తే కాలనీ అంటుకుంటుంది, వారంలోగా పీకించేయమన్నారు.

అవి చెట్లండీ అన్నారు మా ఆయన. చలపతిరావు గారు నవ్వారు. "నాకు చెబుతారేంటండీ? కొయ్యలు పాతించినప్పుడు పక్కన కూర్చున్నది నేనే కదా."

నిజమే. ఆయన కళ్లారా చూశారు. కళ్లారా చూసిన మనిషిని ఎలా నమ్మించడం? దగ్గరికి రండి, గీకి చూపిస్తానంటే చాలు. కానీ చెట్ల దగ్గరికి రావాలంటే ఇంటి పక్కనుంచి వెనక్కి రావాలి. వస్తే కర్రలూ గోనెపట్టాలూ కనిపిస్తాయి. ప్లాటు పోతుంది. చెట్లు నిజమని చూపిస్తే ఇల్లు అబద్ధమని తేలుతుంది. ఇల్లు నిలబెట్టుకోవాలంటే చెట్లు అబద్ధమని ఒప్పుకోవాలి. మా ఆయన నా ముఖం చూశారు. చూసి, తీయించేస్తానండీ అన్నారు.

ఆ వారం నేను కట్టుకునే ఇంటి కోసం ఆయన తన అడవిని ఇచ్చేస్తున్నారు, ఒక్క మాట అనకుండా. కొయ్యలు పీకేశాక అక్కడే అసలు ఇల్లు మొదలుపెడదామన్నారు ఒకసారి, అన్నం కలుపుతూ. ఆ ముద్ద ఆయన నోట్లోకి పోలేదు.

చెప్పిన రోజు పొద్దున వీరభద్రం ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నడకకి బయల్దేరిన చలపతిరావు గారు చేతికర్రతో రోడ్డుమీద ఆగారు. మా ఆయన చెట్లకి వీపు పెట్టి, రోడ్డువైపు చూస్తూ నిలబడ్డారు. వీరభద్రం అలవాటు ప్రకారం హీరో కొయ్యని రెండు చేతులతో పట్టి అటూ ఇటూ ఊపాడు. సెట్టింగు కొయ్య రెండు ఊపులకి వస్తుంది. అది రాలేదు. ముగ్గురూ కలిసి పట్టారు. రాలేదు. వీరభద్రం చేతులు దులుపుకుని, "నేనే పాతిన సారూ గిది. నాకే వస్తలేదు" అన్నాడు. తాడు తెమ్మని మనుషులకి చెప్పాడు.

తాడు కడుతుంటే మా ఆయన భుజాలు చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన సెట్టింగులు కూల్చిన రోజులు ఎన్నో చూశాను. ఏ రోజూ ఆయన వీపు తిప్పుకోలేదు. దగ్గరుండి కూల్పించేవారు.

"ఆపు వీరభద్రం" అన్నాను. రోడ్డువైపు తిరిగి, "చలపతిరావు గారూ, ఒక్కసారి లోపలికి రండి. వెనక్కి రండి" అన్నాను. మా ఆయన నావైపు తిరిగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. నేను ఆగలేదు.

చలపతిరావు గారు ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెనక్కి వచ్చారు. ఏటవాలు కర్రల దగ్గర ఆగారు. గోనెపట్టా చూశారు. నేను పిన్నీసు తీసి గుంపెన బెరడు గీశాను. పచ్చటి గీత మీద తడి మెరిసింది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని వంగి, ఆ గీతని వేలితో తాకారు. వేలికి అంటిన జిగురు చూసుకున్నారు. చేతికర్ర నేలమీద పెట్టి, తనే ఆ కొయ్యని రెండు చేతులా పట్టుకుని లాగారు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. చెట్టు కదల్లేదు.

"అయితే ఇల్లు సెట్టింగు, చెట్లు నిజం" అన్నారు. అవునండీ అన్నాను.

ఆయన ఏం చేస్తారోనని అందరం చూస్తున్నాం. వెళ్లి ఇటుక గోడ మీద చేయి వేసి నెట్టారు. ఉన్న ఇల్లంతా వణికింది. నిబంధన ఆయనదే, మనిషి మాటమీద నిలబడే రకం. కట్టడమన్నది ఏదీ లేదని ఇప్పుడు ఆయనకి తెలుసు. గుమ్మంలోంచి బయటికి రాబోతూ గడప దగ్గర ఆగారు. దాన్ని కాలితో తాకబోయి, పసుపు చూసి కాలు వెనక్కి తీసుకున్నారు. వంగి చేత్తో కదిపారు. కదల్లేదు. కూర్చుని రెండు చేతులతో చెట్టుని లాగినట్టే లాగారు. గడప రాలేదు. కింద బండ తొలిచి సిమెంటు పోసి ఉంది.

నేను మా ఆయనవైపు చూశాను. ఆయన తప్పుచేసిన మనిషిలా నేలచూపులు చూస్తున్నారు.

"పసుపు రాస్తావని తెలుసు కదా. ఊడిపోయే గడపకి నీచేత పసుపు రాయించలేకపోయాను" అన్నారు.

వీరభద్రం చెట్టు దగ్గర్నుంచి చేతికర్ర తెచ్చిచ్చాడు. చలపతిరావు గారు లేచి, చేతికర్ర అందుకుని, గడప పెట్టారు కాబట్టి కట్టడం మొదలైనట్టే లెక్క అన్నారు. రోడ్డుమీదికి వెళ్లి, అలవాటుకొద్దీ వేళ్లు చట్రంలా పట్టి ఒకసారి చూసి, మళ్లీ చేతులు దించేసుకున్నారు.

మా ఆయన ఇంటిముఖం నిలబెట్టిన ఆ బండ చుట్టూ అప్పుడు నడిచి చూశాను. అక్కడ ఒక్క చెట్టూ లేదు. రెండు గదులు, ఒక వరండా పడతాయి. ప్లానులో ఉన్న హాలు పట్టదు. గుమ్మం తూర్పుకే ఉంది. ఆ చోటు నాకంటే ముందే ఆయన చూసిపెట్టారు, నాకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

వీరభద్రం తాడు చుట్టుకుంటూ, ఇప్పుడేం పీకాలమ్మా అని అడిగాడు.

"ఆ ప్లైవుడ్డు పీకెయ్. గడప మాత్రం ఉంచు" అన్నాను.